మోటరు కాలిందని నమ్మే ముందు
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ప్రతి ఏడు ఈ సభలో పొదుపు ఎంత చేసినం, అప్పు ఎంత తీసుకున్నం, కిస్తులు ఎన్ని కట్టినం అని చెప్పుకుంటం. మా సంఘం లెక్కలు ఈ పుస్తకంలోనే వేరే పేజీలో ఉన్నయి, మళ్లీ చదవం. ఈసారి మా పది మందిమి ఒక వాషింగ్ మిషన్ దగ్గర నేర్చుకున్న సంగతి చెప్తం. వాషింగ్ మిషన్‌కూ సంఘానికీ ఏం సంబంధం అని కొందరు నవ్వుతుండవచ్చు. మేము కూడా మొదట అట్లనే అనుకున్నం. చివరిదాకా వింటే సంబంధం ఏందో తెలుస్తది.

మన గోదావరిఖనిలో బట్టలు ఉతుకుడు వేరే ఊర్ల లెక్క కాదు. బాయి దిగి వచ్చిన మనిషి బట్టల్లో చెమట ఒక్కటే ఉండదు. బొగ్గు దుమ్ము ఉంటది, నూనె ఉంటది, గ్రీజు ఉంటది. ఓపెన్‌కాస్టు మీద చేసేటోళ్లకు మట్టి దుమ్ము అదనం. మూడు షిఫ్టుల ఊరు కాబట్టి ఉతికే పనికి ఒక వేళ అంటూ లేదు. మన తల్లులు, అత్తలు బండ మీద బాది బాది చేతులు, నడుములు పోగొట్టుకున్నరు. అందుకే పది పదిహేనేండ్ల నుంచి మన సంఘాల్లో కూడా వాషింగ్ మిషన్ కోసం అప్పు అడుగుడు మొదలైంది. ఇది సోకు కాదు. మన దగ్గర అది పనిముట్టు.

మా సంఘంలో ఒక అక్క ఉన్నది. పేరు చెప్పం. ఆమె భర్త కాంట్రాక్టు పని చేసేటోడు, నడుముకు దెబ్బ తగిలి ఇంటి పట్టునే ఉంటున్నడు. వేరే ఊర్ల నుంచి వచ్చి అద్దె రూముల్లో ఉండే పిల్లగాండ్ల బట్టలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఇచ్చుడు ఆమె పని. దాని మీదనే ఇల్లు గడుస్తది. పోయిన ఏడు సంఘం నుంచి 12,000 రూపాయల అంతర్గత అప్పు తీసుకొని సెమీ ఆటోమేటిక్ మిషన్ కొన్నది. నెలకు వెయ్యి రూపాయల కిస్తు. అయిదు కిస్తులు తప్పకుండా కట్టింది.

వానాకాలంలో ఒకనాడు బట్టలు నీళ్లల్లో ఉండగానే మిషన్ ఆగిపోయింది. తెలిసిన మెకానిక్ ఒకాయనను పిలిచింది. ఆయన వచ్చి ప్లగ్గు పెట్టి, నాబ్ తిప్పి, ఒక నిమిషం చూసి, "మోటరు కాలిపోయిందమ్మా, కొత్తది వెయ్యాలె. మూడు వేల రెండు వందలు అయితది" అని చెప్పి పోయిండు. వెనక మూత కూడా విప్పలేదు.

ఆ వారం మీటింగ్‌లో అక్క 3,200 రూపాయలు అడిగింది. అప్పుడు మా సంఘంలో జరిగిన మాటలు చెప్పడానికి మాకు కొంచెం సిగ్గుగానే ఉన్నది. "పాత బాకీ ఏడు వేలు అట్లనే ఉండంగ మళ్ల అప్పా?" అని ఒకరు. "అంత బరువు బట్టలు వేస్తే కాలదా మరి?" అని ఒకరు. "పాత సామాన్లోనికి అమ్మేసి వచ్చిన కాడికి బాకీ కట్టుమనుర్రి" అని ఇంకొకరు. అక్క ఏం మాట్లాడలేదు. తల వంచుకొని కూర్చున్నది. వచ్చే వారం చూద్దమని తీర్మానం పుస్తకంలో రాసి లేచినం. పది మందిమి ఉన్నం, గంట సేపు మాట్లాడినం. మిషన్ అసలు ఏం చేస్తున్నదని మాత్రం ఒక్కరం కూడా అడగలేదు. మెకానిక్ మాటను అందరం నమ్మినం. మన అక్క మాటను మాత్రం అనుమానించినం.

ఆ వారమంతా ఆమె చేతులతోనే ఉతికింది. వేళ్ల సందులు ఒరుసుకపోయినయి. వానకు బట్టలు ఆరక, చెప్పిన టైముకు అందక, రెండు రూముల పిల్లగాండ్లు వేరే దగ్గర ఇచ్చుకున్నరు. ఆరో కిస్తు ఆగిపోయేటట్టు అయింది.

మా సభ్యురాలి బిడ్డ ఒకామె ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదువుతున్నది. ఇంట్ల తల్లి ఈ ముచ్చట చెప్తుంటే విని, ఆదివారం ప్లే డే నాడు అక్క ఇంటికి వచ్చింది. వచ్చి మొదట అడిగిన మాట ఇది: "పెద్దమ్మా, స్విచ్చు వేస్తే మిషన్ చప్పుడు చేస్తుందా, చెయ్యదా?"

"గుయ్‌మంటది బిడ్డా, తిరుగది" అన్నది అక్క.

"అట్లయితే మోటరుకు కరెంటు అందుతున్నట్టే. కాలిందని ఇప్పుడే చెప్పలేం" అన్నది ఆ పిల్ల.

ముందు ప్లగ్గు పీకేసింది. స్విచ్చు ఆపుడు ఒక్కటే చాలదు, ప్లగ్గు బయటికి తియ్యాలని చెప్పింది. బట్టలు, నీళ్లు తీసేసి, డ్రమ్ము అడుగున తిరిగే చక్రాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పింది. సులువుగానే తిరిగింది. అంటే కింద ఏమీ ఇరుక్కోలేదు. తర్వాత వెనక మూత స్క్రూలు విప్పింది. లోపల రెండు మోటర్లు ఉన్నయి, ఒకటి ఉతికేది, ఒకటి పిండేది. వాటి దగ్గర చిన్న డబ్బీలు ఉన్నయి. వాటినే కెపాసిటర్ అంటరు, కొందరు మెకానిక్‌లు కండెన్సర్ అంటరు. మమ్మల్ని ముట్టుకోవద్దన్నది. ప్లగ్గు తీసినా అందులో కరెంటు కొంతసేపు నిలువ ఉంటదట. హోల్డర్‌లో బల్బు పెట్టి, దాని తీగలను డబ్బీ రెండు కొనలకు ఆనించి, నిలువ ఉన్న కరెంటును దించింది. అప్పుడు మీటరు పెట్టి చూసింది. డబ్బీ మీద 10 మైక్రోఫారడ్ అని రాసి ఉన్నది. మీటరు 4 చూపించింది. నూటికి అయిదు వరకు అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు, అంటే తొమ్మిదిన్నర నుంచి పదిన్నర మధ్య ఉండాలి. నాలుగంటే అది పని అయిపోయిన డబ్బీ.

తర్వాత మోటరు తీగలను కూడా మీటరుతో చూసింది. ఉతికే మోటరు అటూ ఇటూ రెండు దిక్కులా తిరగాలి కాబట్టి లోపల రెండు చుట్లు సమానంగా ఉంటయి. ఉమ్మడి తీగ నుంచి రెండింటికీ ఒకే లెక్క వచ్చింది. తీగకూ మోటరు ఇనుముకూ మధ్య ఏమీ చూపలేదు. అంటే మోటరు మంచిగనే ఉన్నది.

లక్ష్మీనగర్‌లో పాత డబ్బీ చూపించి, అదే నంబరు, అదే వోల్టు ఉన్న కొత్తది తెచ్చినం. 130 రూపాయలు. బిగించి, మూత వేసి, ప్లగ్గు పెట్టి నాబ్ తిప్పినం. చక్రం ఇటు తిరిగింది, ఆగింది, అటు తిరిగింది. అక్క కొంగుతో కండ్లు ఒత్తుకున్నది. మేము చుట్టూ నిలబడి ఉన్నం. ఏం మాట్లాడాలో మాకు తెలువలేదు. తర్వాతి మీటింగ్‌లో ఆమెకు తప్పైందని చెప్పినం, తీర్మానం పుస్తకంలో కూడా రాసినం.

అక్కలారా, 3,200 ఎక్కడ, 130 ఎక్కడ? ఆ మెకానిక్ కావాలని చెప్పిండా, తెలువక చెప్పిండా అనేది మాకు తెలువదు. ఆయనను దొంగ అని అనం. మెకానిక్ పని చేసుకొని బతికే మన తమ్ముండ్లు, కొడుకులు చాలా మంది ఉన్నరు, వాళ్లు లేకపోతే మనకు గడవదు. కానీ మనకు ఏమీ తెలువనప్పుడు ఎదుటి మనిషి ఏ ధర చెప్తే అదే ధర అయితది.

ఒక చిన్న డబ్బీ చెడిపోతే అంత పెద్ద మోటరు ఎందుకు తిరుగదని మేము ఆ పిల్లను అడిగినం. ఆమె చెప్పింది మా మాటల్లో చెప్తం.

మన ఇంటాయనలకు బాయిలో నీళ్లు తోడే పంపులు, టబ్బులు గుంజే హాలేజీ మోటర్లు తెలుసు. అవి మూడు ఫేజుల మోటర్లు. కరెంటు మూడు తీగల మీద ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చి మోటరును చుట్టూ తోస్తది కాబట్టి అవి వాటంతట అవే లేస్తయి. మన ఇండ్లకు వచ్చేది ఒకే ఫేజు. అది ఒకే గీత మీద ముందుకు, వెనకకు తోస్తది, అంతే.

ఇసుర్రాయి గుర్తు చేసుకోండి. పిడిని పట్టుకొని నడుమ ఉన్న గూటం దిక్కే నెట్టి, మళ్లీ అదే దారిలో గుంజితే రాయి తిరుగుతదా? ఊగుతది, చప్పుడు చేస్తది, తిరుగది. పక్క నుంచి ఇంకొకరు చెయ్యి వేసి తోస్తే అప్పుడు తిరుగుతది. కెపాసిటర్ చేసే పని ఆ పక్క చెయ్యి పని. మోటరులోని రెండో చుట్టుకు కరెంటును వేరే అదనులో అందించి పక్క నుంచి తోసేటట్టు చేస్తది. ఆ చెయ్యి బలహీనమైతే మోటరు గుయ్‌మంటది, తిరుగది. అట్లనే స్విచ్చు వేసి వదిలేస్తే మాత్రం కరెంటు ఎక్కువ గుంజి, వేడెక్కి, అప్పుడు నిజంగానే కాలిపోతది. మన ఇంట్లో ఫ్యాను నెమ్మదిగా తిరుగుడు, ఇంటి బోరు మోటరు గుయ్‌మని లేవకపోవుడు కూడా చాలాసార్లు ఈ డబ్బీతోనే.

అందుకే మా సంఘంలో ఇప్పుడు ఎవరి మిషన్ ఆగినా మొదట చెవి పెట్టి వింటం. చప్పుడును బట్టి ఎక్కడ చూడాలో తెలుస్తది. మేము రాసుకున్నది మీకు కూడా చెప్తం.

ఒకటి, అసలు చప్పుడే లేదు. అప్పుడు మోటరు దాకా కరెంటు పోతలేదేమో అని చూడాలి. అదే సాకెట్‌లో టేబుల్ ఫ్యాను పెట్టి చూడండి. అది తిరుగకపోతే తప్పు బోర్డుది, మిషన్‌ది కాదు. ఫ్యూజు పోయిందా, ఎంసీబీ కింద పడిందా చూడాలి. ప్లగ్గు పిన్నులు నల్లబడ్డయా, వదులైనయా చూడాలి. మన దగ్గర వానాకాలంలో ఎలుకలు మిషన్ కింద నుంచి దూరి వైర్లు కొరుకుడు మామూలే, ప్లగ్గు పీకి టార్చిలైటు వేసి చూడాలి. పిండే డబ్బా తిరుగకపోతే పైమూత సరిగ్గా పడిందా చూడాలి, మూత లేస్తే అది తిరుగకుండా కట్టుబాటు ఉంటది. ఎండకాలం వరుసగా మూడు నాలుగు దఫాలు ఉతికితే వేడెక్కి ఆగిపోయే మోటర్లు కూడా ఉంటయి. లోపల ఉండే చిన్న రక్షణ మీట కరెంటు ఆపేస్తది. గంట సేపు చల్లారనిస్తే మళ్లీ లేస్తది. మన రామగుండంలో 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఇంకో మాట. ఉతికే మోటరు ఇటు కొద్దిసేపు తిరిగి, ఆగి, అటు తిరుగుతది. ఆ ఆగుడు రిపేరు కాదు. కొత్తగా కొన్న ఒక చెల్లె ఆ ఆగుడు చూసి చెడిపోయిందని మెకానిక్‌ను పిలిచింది. ఆయన వచ్చే లోపల అది తిరుగుతనే ఉన్నది.

రెండు, గుయ్‌మంటది, తిరుగది. అయిదు లెక్కబెట్టే లోపల ఆపెయ్యాలి. ప్లగ్గు పీకి సగం బట్టలు తీసెయ్యాలి. చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. బిగుసుకొని ఉంటే కింద ఏదో ఇరికింది. మా సంఘంలోనే ఒక ఇంట్లో చక్రం విప్పితే రెండు రూపాయల బిళ్ల, ఒక వైసరు, పిడికెడు బొగ్గు మడ్డి వెళ్లినయి. చక్రం సులువుగా తిరిగితే కెపాసిటర్ మీద అనుమానం పెట్టాలి. ఇంకో కారణం వోల్టేజీ. 230 ఉండాల్సిన కాడ 170 ఉంటే మోటరు బలం కొంచెం తగ్గుడు కాదు, దాదాపు సగం అయితది. సాయంత్రం అందరి కూలర్లు నడిచే వేళ తిరుగని మిషన్ పొద్దుగాల మంచిగ తిరిగితే తప్పు మిషన్‌ది కాదు.

మూడు, మోటరు తిరిగే చప్పుడు వస్తది కానీ చక్రం తిరుగది. అప్పుడు మోటరు మంచిగనే ఉన్నట్టు. బెల్టు తెగిందో, జారుతున్నదో, లేకపోతే చక్రం నడుమ గాడి అరిగిపోయిందో అయి ఉంటది. అట్లాంటప్పుడు మోటరు మార్చాలని ఎవరన్నా చెప్తే ఒప్పుకోవద్దు.

నాలుగు, కాలిన వాసన, పొగ. అప్పుడు మనం చేసేది ఒక్కటే. మెయిన్ ఆపి, ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి చూడకుండా తెలిసిన మనిషిని పిలువాలి.

ఇక మా తప్పు కూడా చెప్పాలి. మొదటి మిషన్ బాగైనంక మాకు కొంచెం గర్వం వచ్చింది. ఇంకో చెల్లె మిషన్ ఆగిపోతే వాసన కూడా చూడకుండా "కెపాసిటరే అయి ఉంటది" అని చెప్పి 130 రూపాయలు పెట్టించినం. మిషన్ లేవలేదు. ఆ పిల్ల వచ్చి మీటరు పెడితే ఒక చుట్టు తెగి ఉన్నది. డ్రమ్ము కింద నీళ్లు కారకుండా ఉండే సీలు అరిగిపోయి, నీళ్లు మోటరు మీద పడి, అది నిజంగానే కాలింది. అక్కడ మోటరు మార్చక తప్పలేదు. కాబట్టి అన్ని రోగాలకు ఒకే గోలి ఇచ్చినట్టు ప్రతిదానికి కెపాసిటర్ అనొద్దు. చూసి, మీటరుతో కొలిచి చెప్పాలి.

ఆ సీలు ఎందుకు అరిగింది? బొగ్గు పొడి ఇసుక లెక్క గరుకుగా ఉంటది. బాయి బట్టలు నేరుగా మిషన్లో వేస్తే ఆ పొడి చక్రం కింద చేరి సీలును రాపిడి పెడతది, నీళ్లు పోయే పైపు కూడా పూడుతది. అందుకే మేము ఇప్పుడు బాయి బట్టలు ముందు బకెట్లో నానబెట్టి, ఆ నల్లనీళ్లు పారబోసి, దులిపి, జేబులు తిరగేసి చూసినంకనే మిషన్లో వేస్తం. నెలకు ఒకసారి చక్రం విప్పి కడుగుతం. నల్లా నీళ్లకు టైము ఉండే మన వాడల్లో ఒక బకెట్ ఎక్కువ నీళ్లంటే కష్టమే. అయినా మోటరు కంటే బకెట్ నీళ్లు చవుక.

ఇప్పుడు చెప్పేది అన్నిటికంటే ముఖ్యం. జాగ్రత్తగా వినండి.

మా పక్క వాడలో ఒక చెల్లె ఇంట్లో మిషన్ కొన్నప్పుడు బోర్డుకు రెండు రంధ్రాల సాకెట్ మాత్రమే ఉన్నది. ప్లగ్గుకు మూడు పిన్నులు. పైన ఉన్న లావు పిన్ను పట్టక దాన్ని ఎవరో కోసేసిన్రు. మిషన్ రెండేండ్లు మంచిగనే నడిచింది. ఒకనాడు తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి డ్రమ్ముల చెయ్యి పెట్టింది. గుంజి పడేసింది. పక్కనే ఉన్న కొడుకు మెయిన్ ఆపబట్టి బతికింది. చెయ్యి కాలిన మచ్చ ఇప్పటికీ ఉన్నది.

ఆ లావు పిన్ను ఎర్తింగ్ పిన్ను. లోపల ఎక్కడన్నా వైరు తెగి రేకుకు తగిలితే ఆ కరెంటును భూమిలోకి పంపేది అదే. అది లేకపోతే కరెంటు మన శరీరం మీదుగా భూమిలోకి పోతది. మోటరు పోతే మోటరు దొరుకుతది, మనిషి దొరుకదు. అందుకని ఇది మా సంఘం మాట: ఎర్తింగ్ లేని ఇంట్లో మిషన్‌కు అప్పు ఇవ్వం. ముందు ఎర్తింగ్ వేయించుకోవడానికి అప్పు ఇస్తం, తర్వాత మిషన్‌కు. కంపెనీ క్వార్టర్ల వైరింగ్ మనం ముట్టుకోవద్దు, క్వార్టర్ల ఎలక్ట్రికల్ వాళ్లకు రాయించాలి. సొంత ఇల్లు, అద్దె ఇల్లు అయితే ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. వీలైతే ఈఎల్‌సీబీ అనే స్విచ్చు పెట్టించుకోవాలి. దాని మీద 30 మిల్లీ ఆంపియర్ అని రాసి ఉన్నది అడగాలి. కరెంటు కొంచెం దారి తప్పినా అది టక్కున పడిపోతది.

మిషన్ దగ్గరికి పోయేటప్పుడు కాళ్లకు చెప్పులు, చేతులు పొడి. రేకు ముట్టుకుంటే జిల్లుమంటే "కొంచెమే కదా" అనొద్దు, ఆ రోజే ఆపెయ్యాలి. ఎవరికన్నా షాకు కొడితే మనిషిని పట్టుకొని గుంజొద్దు. ముందు మెయిన్ ఆపాలి. ఆపలేకపోతే పొడి కట్టెతో వేరు చేసి 108కి ఫోన్ చేయాలి.

మనం చేసేది ఎక్కడిదాకా, మెకానిక్ చేసేది ఎక్కడి నుంచి అనేది కూడా మేము గీత గీసుకున్నం. సాకెట్, ప్లగ్గు, మూత, బరువు, జేబులు, చక్రం కింది చెత్త, ఇవన్నీ మనం ప్లగ్గు పీకి చూసుకోవచ్చు. వెనక మూత విప్పుడు, కెపాసిటర్ ముట్టుడు, వైర్లు కలుపుడు నేర్చుకున్నవాళ్ల పని. టీవీలో, ఫోన్‌లో చూసి కెపాసిటర్ ముట్టుకోవద్దు. ఫుల్ ఆటోమేటిక్ మిషన్లు వేరే తీరు. తలుపు తాళం పడకపోయినా, నీళ్లు రాకపోయినా మోటరు లేవదు. కొన్నిట్లో ఈ కెపాసిటర్ కూడా ఉండదు. అవి కంపెనీ సర్వీసువాళ్లే చూడాలి. వారంటీలో ఉన్న మిషన్ మూత ఎవరితోనూ విప్పించొద్దు. చాలా మిషన్లకు మొత్తం మీద వారంటీ తక్కువ ఏండ్లు ఉన్నా, మోటరుకు వేరుగా ఎక్కువ ఏండ్లు ఉంటది. ఆ కార్డు, బిల్లు బియ్యం డబ్బాలో పెట్టినా సరే, పారేయొద్దు. వారంటీ ఉండి కూడా చెయ్యమంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది, ఫోన్ చేయవచ్చు.

మెకానిక్ వచ్చి మోటరు పోయిందంటే మేము మూడు మాటలు అడుగుతం. కొట్లాట పెట్టుకోం, మర్యాదగనే అడుగుతం. "తమ్మీ, కెపాసిటర్ కొలిచి చూసినవా? మోటరు చుట్లు మీటరు పెట్టి మాకు చూపిస్తవా? పాత సామాను మా చేతికి ఇస్తవా?" పని తెలిసిన మెకానిక్ ఈ మాటలకు కోపం చేసుకోడు, సంతోషంగా చూపిస్తడు. చూపించనన్న మనిషికి చార్జి ఇచ్చి పంపించి ఇంకొకరిని పిలుస్తం.

సంఘంలో కూడా పద్ధతి మార్చుకున్నం. పనిముట్టు రిపేరుకు ఎవరన్నా అప్పు అడిగితే, అది మిషనైనా, కుట్టు మిషనైనా, గిర్నీ అయినా, మీటింగ్‌లో మాటలు అనే ముందు ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి పోయి చూసి వస్తరు. ఏం చప్పుడు వస్తున్నది, ఎర్తింగ్ ఉన్నదా, వారంటీ ఉన్నదా, ఈ మూడు రాసుకొని వస్తరు. 500 రూపాయల లోపు రిపేరుకు తీర్మానం దాకా ఆగకుండా అదే రోజు ఇస్తం. ఎందుకంటే పనిముట్టు ఒక రోజు ఆగితే కిస్తు కూడా ఆగుతది. రిపేరు వివరాలు ఒక నోట్‌బుక్‌లో తారీఖుతో రాస్తున్నం. పదో తరగతి చదివిన మాకే ఇది అయింది, మీకు కాదా?

ఆ అక్క ఆరో కిస్తు పదిహేను రోజులు ఆలస్యంగా కట్టింది. మేము జరిమానా వెయ్యలేదు. పోయిన రెండు రూముల పిల్లగాండ్లలో ఒక రూమువాళ్లు మళ్లీ వచ్చిన్రు, ఒకరు రాలేదు. ఇప్పుడు ఆమె బాకీ మొత్తం తీరింది. ఈ సభలోనే వెనక వరుసలో కూర్చొని ఉన్నది.

చివరగా సమాఖ్యకు మా విన్నపం ఒకటి. కుట్టు శిక్షణ, బ్యూటీషియన్ శిక్షణ మనకు చాలా ఏండ్ల నుంచి ఉన్నయి, మంచివే. వాటితో పాటు ఇంటి కరెంటు, ఇంటి మోటర్ల మీద కూడా మన ఆడవాళ్లకు శిక్షణ పెట్టించాలి. ప్రతి సంఘం నుంచి ఒకరు వస్తే చాలు. బాయిలో పంపులు బాగుచేసే మొగవాళ్లు ఉన్న ఊరు ఇది. ఆ విద్య మన ఇంటి గడప దాకా వచ్చి ఆగిపోవద్దు. మా సభ్యురాలి బిడ్డ ఐటీఐలో చదువుతున్నది కాబట్టి మాకు తెలిసింది. మీ ఇండ్లల్లో కూడా పదో తరగతి అయిన బిడ్డలు ఉంటే, ఆ ట్రేడ్ మొగపిల్లలది అని వెనకకు గుంజొద్దని వేడుకుంటున్నం.

సభ అయినంక మా నోట్‌బుక్ రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పెడతం. చూసుకొని రాసుకోవచ్చు. మీ ఇంట్లో ఏ మిషన్ ఏం చప్పుడు చేస్తున్నదో కూడా అందులో రాయండి. వచ్చే సభ నాటికి మేము అడిగి తెలుసుకొని జవాబులు తెస్తం.